పదీ ఇరవైకి పన్నెండు కూత

మంగళవారం, పగలు పది గంటలా ఇరవై నిమిషాలకు ఆదోని పత్తిమిల్లులో పన్నెండు గంటల కూత పడింది. మాఘమాసం. పత్తిబండ్లు మిల్లు గేటు ముందర బారులు తీరి నిలబడే కాలం. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ మూడేండ్లలోనే ఒక ఏడు. గడియారం చూసేది నాకు అప్పట్లో రాదు. అయినా నిమిషంతో సహా ఎట్ల చెప్తాండానంటే, మా మిల్లు గుమాస్తా ఆ పొద్దు "పదీ ఇరవై, పదీ ఇరవై" అని నెత్తి కొట్టుకుంటా ఆవరణమంతా తిరిగినాడు. ఒక మాట అన్నిసార్లు చెవిన పడితే గొడ్డుకైనా గుర్తుంటాది.

ఆ కూత వేసింది మా బావ. మా అక్క మొగుడు. పోయిన నెల ఆయన పెద్దదినం చేసినారు. పన్నెండున్నరకు భోజనాలని పిలిచినారు, ఆకులు పరిచేసరికి మూడు దాటింది. అప్పటికి పప్పు ఉడకలేదు. నేను ఆకలికి తట్టుకోలేక గోడకానుకొని కూర్చొని, దండ వేసిన ఆయన ఫోటో దిక్కు చూసినా. ఫోటోలో కూడా మొగం ముటముటలాడిస్తా ఉండాడనిపించింది. నవ్వొచ్చింది. చావింట్లో నవ్వుతాందేమి ఈ ముసలిదని ఎవరో గొణిగినారు. ఇంటికొచ్చి ఇది రాసేకి కూర్చున్నా. నాకు అక్షరాలు వచ్చింది నలభై ఎనిమిదో ఏట, పొడుగు మాటలు రావు. వచ్చినవి రాస్తాను.

పేరు రాయను. మా కాలంలో మరదలు బావ పేరు పెట్టి పిలిచేది లేదు. మిల్లులో కూడా ఆయన అసలు పేరు ఎవరికీ తెలీదు, కూతప్ప అనేటోళ్లు. మంచోడని కూడా రాయను. మంచోడా కాదా నాకు ఇప్పటికీ తేలలేదు. టైముకు వచ్చేటోడు. అది మాత్రం నిజం.

ఆయన పని బాయిలరు కాడ. బొగ్గు వేసేది, ఆవిరి ముల్లు చూసుకొనేది, టైమైతే గొలుసు లాగి కూత వేసేది. కూత వేస్తే సగం ఆదోని లేచేది, సగం ఆదోని తినేది. అంత పెద్ద పని చేసే మనిషికి చేతికి గడియారం లేదు. మిల్లు ఆఫీసులో గోడ గడియారం ఉండేది గాని దాన్ని ఆయన నమ్మడు. గుమాస్తా చావి తిప్పే గడియారం గుమాస్తా మాదిరే నడుస్తాదని ఆయన లెక్క. అందుకని దినమూ కోడికూతకే లేచి రైలు స్టేషనుకు పోయి ఆడుండే పెద్ద గడియారం చూసి, మిల్లుకు నడిచి వచ్చేటోడు. ఆ నడక సరిగ్గా పదకొండు నిమిషాలు. వానొచ్చినా పదకొండే, కాలికి ముల్లు గుచ్చుకున్నా పదకొండే. వచ్చి గోడ గడియారం ముల్లు సరిచేసి, అప్పుడు నోరు తెరిచేటోడు.

దారిలో ఎవరు పలకరించినా పలకడు. టైమును నోట్లో నీళ్ల మాదిరి పట్టుకొని వస్తాండాడు, నోరు తెరిస్తే కారిపోతాదని మేము నవ్వుకొనేటోళ్లం. ఒకసారి ఆయన సొంత మేనమామ తెల్లారి బస్సు దిగి ఎదురుపడి, ఏమప్పా బాగుండావా అన్నాడంట. ఈయన చెయ్యి అడ్డం పెట్టి, పక్కకు తప్పుకొని, అదే అంగలో పోయినాడు. ఆ పెద్దమనిషి వచ్చిన బస్సుకే తిరిగిపోయి, అల్లునికి మిల్లు పొగ తగిలి మతి పోయిందని వాళ్ల ఊరు కోడుమూరంతా చెప్పినాడు.

ఇది మిల్లులో సంగతి. ఇంట్లోదే అసలు కథ.

ఆయనకు ముగ్గురు పిల్లోల్లు. పెద్దది లచ్చిమి, నడిమోడు నరసింహులు, చిన్నోడు ఈరన్న. ముగ్గురినీ కూతకు పెంచినాడు. ఆరు కూతకు లేచి మొగం కడగాల. ఎనిమిది కూతకు రొట్టె. పన్నెండు కూతకు అన్నం. సాయంత్రం ఆరు కూతకు మళ్ల రొట్టె, ఆనెక పడక. నడుమ ఏమీ లేదు. నడుమ నీళ్లు తాగినా చెంబు దిక్కు ఒక చూపు చూసేటోడు.

పన్నెండు కూతకైతే తతంగం ఇంకా ఎక్కువ. బడి లేని పొద్దు కూతకు ముందే ముగ్గురూ కాళ్లు చేతులు కడుక్కొని వరసగా కూర్చోవాల. పళ్లెంలో వడ్డించి ఉండాల. చెయ్యి మాత్రం పెట్టకూడదు. కూత మొదలైనప్పుడు కాదు, పూర్తిగా ఆగినాక పెట్టాల. ఎందుకట్ల అని లచ్చిమి ఒకసారి అడిగింది. "గొలుసు వదిలితే నేను బయలుదేరినట్టు. నేను బయలుదేరితే మీరు మొదలుపెట్టినట్టు. గడప తొక్కేసరికి నాకు సగం పళ్లెం కనపడాల" అన్నాడు. నిజంగానే వచ్చి, గడపలో నిలబడి, మూడు పళ్లేలూ చూసేటోడు. ఆవిరి ముల్లు చూసినట్టే. సగానికి సరిగా ఉంటే చెప్పులు విడిచేటోడు. ఎక్కువ తక్కువలుంటే చెప్పులతోనే విచారణ.

మా అక్క సుంకమ్మది దీనికి ఎదురుదారి. ఆమె తప్పు కాదు. మేము పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల ఇంట్లో. మా ఇంట్లో కూతల్లేవు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న మనిషి పోగు తెగినప్పుడు లేస్తాడు, లేచినప్పుడు తింటాడు. పిల్లోల్లు పాకుతా పాకుతా ఎవరి పళ్లెం కాడికి చేరితే ఆ పళ్లెంలో తింటారు. మా అమ్మ రొట్టెలో ఊరిమిండి పచ్చడి పెట్టి, చుట్టి, చేతికిచ్చి వీధిలోకి తోలేది. మేము తిని వచ్చినామో కుక్కకు వేసి వచ్చినామో అడిగేది కాదు. మళ్ల వస్తే మళ్ల ఇచ్చేది. అట్ల పెరిగి మేమెవరమూ చావలేదు.

అక్క ఆదోనికి కాపురానికొచ్చినా ఆ చెయ్యి మారలేదు. వాళ్ల ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. పిల్లోన్ని చంకనేసుకొని, పళ్లెం పట్టుకొని కట్ట మీదికి పోయేది. గూడ్సుబండి వస్తే డబ్బాకొక ముద్ద. పొడుగు గూడ్సు వచ్చిన పొద్దు పిల్లోని కడుపు గుండ్రాయి మాదిరి అయ్యేది. పాసింజరు వస్తే ముద్దలు చాలక మజ్జిగతో సరిపెట్టేది. ఇదంతా బావ మిల్లులో ఉన్నప్పుడు.

ఇంట్లో కూడా అంతే. కొంగు మడతలో ఎప్పుడూ బొరుగులో చెనిక్కాయలో బెల్లం ముక్కో ఉండేది. పిల్లోడు పక్క నుంచి పోతే నోట్లో ఒకటి పడేది. బావకు అనుమానం. సందకాడ వచ్చి ముగ్గురినీ నిలబెట్టి, నోరు తెరువు అని, దీపం పట్టుకొని లోపలికి చూసి వాసన పట్టేటోడు, బాయిలరు గొట్టంలోకి చూసినట్టే. అక్క తక్కువదా. చెనిక్కాయ వాసన పోవాలని ఐదున్నరకు పిల్లోల్లందరికీ వేపపుల్లలిచ్చి నమిలించేది. సాయంత్రం పూట ముగ్గురు పిల్లోల్లు గడప ముందర బారుగా నిలబడి పండ్లు తోముకుంటాంటే ఏ మొగోడికి అనుమానం రాదు? వీధిలోవాళ్లు కూడా వచ్చి, మీ ఇంట్లో ఇప్పుడు తెల్లారిందా సుంకమ్మా అని అడిగేటోళ్లు.

కొట్లాట ఎప్పుడూ ఒకటే. వేళాపాళా లేకుండా బొగ్గు వేస్తే బాయిలరు ఏమవుతాదో నీకు తెలుసునా అని ఆయన. నేను కన్నది పిల్లోల్లను, బాయిలర్లను కాదని ఈమె. నువ్వు పిల్లోల్లను మేపతాండావు, పెంచల్యా అని ఆయన. నీ కూత కడుపులో పుడతాదా ఆకలి కడుపులో పుడతాదా అని ఈమె. ఇద్దరూ ఇట్ల కొట్లాడుకుంటాంటే పిల్లోల్లు ఆయన లెక్క ప్రకారం మూడు పూటలూ తిని, ఈమె లెక్క ప్రకారం మూడు పూటల నడుమా తిని, వీధిలో అందరికంటే బొద్దుగా ఉండేటోళ్లు.

ఒకసారి మిల్లు సీజను ముగిసినాక బావ ఎమ్మిగనూరు వచ్చినాడు, అత్తగారింటికి. అది చూడాల. మా ఊర్లో కూత లేదు, స్టేషనూ లేదు. పొద్దున్నే లేచి కూర్చున్నాడు. మా అమ్మ వచ్చి, తింటావా అల్లుడా అనింది. టైమెంతయింది అత్తా అన్నాడు. టైముదేముందప్పా, ఆకలైతాందా అనింది. ఆయన కాసేపు ఆలోచన చేసినాడు. నిజంగానే ఆలోచన చేసినాడు, నేను చూసినా. ఆకలి అవుతాందో లేదో ఆయనకు తెలీలేదు. పదిహేనేండ్లుగా దాన్ని ఆయన విచారించుకోలేదు. పెట్టు అన్నాడు. మా అమ్మ పెట్టింది. ఆనెక ఎప్పుడు చాలనాల్నో కూడా ఆయనకు తెలీదు, ఆపే కూత లేదు గదా. మా అమ్మ పెట్టేది ఆపే మనిషి కాదు. అల్లుడు మొహమాటం లేకుండా తింటాండాడని మురిసిపోయి ఉగ్గాని, రొట్టెలు, ఓళిగలు అన్నీ మధ్యాహ్నానికే కూరింది. సందకాడికి ఆయన మగ్గం పక్కన వెల్లకిలా పడి, వాము నమలతా, "ఈ ఊర్లో మనుషులు ఎట్ల బతుకుతాండారే" అని అక్కను అడిగినాడు. అక్క ఆ మాటను పదేండ్లు వాడుకుంది.

ఆ మరుసటి సీజనుకే నేను ఆదోనికొచ్చినా. మగ్గాలకు నూలు దొరక్క మా నాయన ఊరికే కూర్చున్నాడు, నేను పత్తి గింజలు తీసే జిన్నింగు హాల్లో కూలికి చేరినా. పదిహేడేండ్లు నాకు. అక్కా బావా ఇంట్లోనే ఉండేది. ఆ మాఘంలో ఈరన్నకు తట్టు పోసింది. నాలుగేండ్లు వానికి.

తట్టు దిగింది, జ్వరమూ పోయింది. తిండి మాత్రం రాలేదు. పొద్దున ఎనిమిది కూతకు నిద్ర, పన్నెండు కూతకు నిద్ర, సాయంత్రం కూతకు నిద్ర. లేపి కూర్చోబెడితే తల వాల్చేసేటోడు. కూతకూ కూతకూ నడుమ ఎప్పుడో కండ్లు తెరిచేటోడు. అప్పుడు అక్క గంజి నోటి కాడ పెడితే పండ్లు బిగించి, "కూత కాల్యా" అనేటోడు. బలవంతంగా పోస్తే ఉమ్మేసేటోడు. అది మొండితనం కాదు. బాగున్నప్పుడు బొరుగులు నోట్లో వేసుకొని తప్పించుకు తిరిగిన పిల్లోడే. ఒళ్లు బాగలేనప్పుడు వానికి భయం పట్టింది, నాయన చెప్పకుండా తినకూడదని. కూత అంటే వాళ్ల నాయన గొంతని వాని లెక్క.

ఆ మాట తెలిసి మా బావ రెండో దినం రాత్రి వాని పక్కన కూర్చొని, నేనే చెప్తాండా, తినప్పా అన్నాడు. పిల్లోడు ఆయన మొగం చూసి, "నువ్వు కాదు. మిల్లులో నాయన" అన్నాడు. నేను గుడ్డ నోట్లో కుక్కుకొని నవ్వు ఆపుకున్నా. అక్క నవ్వలేదు. బావ లేచి బయటికి పోయినాడు.

మూడో దినానికి పక్కటెముకలు లెక్కపెట్టే మాదిరి అయినాడు. వైద్యం చేసే ఆచారి వచ్చి నాడి చూసి, మందుతో పని లేదు, కడుపులో తిండి పడాల అన్నాడు. రేపు పొద్దుకన్నా పడితే భయం లేదు, పడకపోతే బండి కట్టుకొని బళ్లారి పెద్దాసుపత్రికి పోండి, పోయినా నేను మాట ఇయ్యలేను అన్నాడు. ఆయన పోయినాక అక్క గోడ దిక్కు తిరిగి నిలబడింది.

ఆ సాయంత్రం మేము చేయని పని లేదు. నేను కిరసనాయిలు గరాటు నోటికి పెట్టుకొని గోడ చాటు నుంచి కూసినా. లోపలి నుంచి సన్న గొంతు వచ్చింది, "అది సిన్నమ్మ" అని. పక్కింటి ఖాసింబీ అవ్వ కుండలో మొగం పెట్టి కూసింది. ఆమెకు దగ్గొచ్చింది, కూత ఆగిపోయింది. వీధిలో పోయే దాసరిని పిలిచి శంఖం ఊదించినాము. ఆ పెద్దమనిషి గొంతు నరాలు ఉబ్బేదాకా ఊదినాడు. కూత మాదిరే ఉంది, నాకైతే తేడా తెలీలేదు. ఈరన్న కండ్లు తెరిచి విన్నాడు. మా ప్రాణాలు నోట్లోకి వచ్చినాయి. "దాసరి వచ్చినాడు, బియ్యం ఎయ్యండి" అని మళ్ల పండుకున్నాడు. తండ్రి కొడుకు, చెవులు అట్లాంటివి.

మరుసటి దినమే ఆ మంగళవారం. నేను మిల్లు ఆవరణలో పత్తి గంప నెత్తికెత్తుకుంటాండా. గేటు కాడ గలాటా వినపడి చూస్తే మా అక్క. కాపురానికొచ్చి అన్నేండ్లయినా మిల్లు గేటు తొక్కిన మనిషి కాదు. కూత పడినప్పుడల్లా, నీ గొంతు పడిపోను అని ఆ దిక్కుకు తిట్టేది. గేటు కాడి ముసలాయన అడ్డం వస్తే ఆయన చేతి కింద నుంచి దూరి, జుట్టు విడిపోయి, కొంగు నడుముకు చుట్టుకొని, నేరుగా బాయిలరు గదికి పోయింది. నేను గంప ఆడే పడేసి వెనకాల ఉరికినా.

బావ పార పట్టుకొని నిలబడినాడు. అక్క గడపలోనే నిలబడి, రొప్పుకుంటా, "గొలుసు లాగు" అనింది.

ఆయన కిటికీలోంచి ఆఫీసు గడియారం చూసినాడు. "పదీ పద్దెనిమిదే."

"పిల్లోడు లేసినాడు. వాడంతట వాడే లేసి కూర్చున్యాడు. పళ్లెం అడిగినాడు. ముందర పెట్టుకోని, చెవులు రిక్కించుకోని ఉండాడు. మళ్ల పండుకుంటే ఇంగ లేస్తాడో లేడో. లాగు."

"ఇంత నోట్లో పెట్టకపోయినావా?"

"పెడితే ఉమ్మేసె. ఎవురు నేర్పిచ్చిరి వానికి? నేనా?"

ఆయన పార గోడకానించినాడు. "ఇది ఊరి కూత, సుంకీ."

"ఊరు ఎప్పుడన్నా తింటాది. లాగు."

ఆయన గుడ్డ తీసుకొని చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. మళ్ల ఒకసారి గడియారం చూసినాడు. టైము మారుతాదేమో అన్నట్టు. ఆనెక గొలుసు పట్టుకొని లాగినాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాల. ఆయన కావాలంటే ఒక్క గుక్క కూత వేసి వదిలి, ఆవిరి జారింది, చెయ్యి తగిలింది అని తప్పించుకోవచ్చు. అట్ల చేయలేదు. పన్నెండు కూత ఎంతసేపు పడాల్నో అంతసేపూ, ఆ మొదటి సన్న అరుపు, నడుమ బొంగురు, చివర దించేది, ఏదీ తగ్గించకుండా వేసినాడు. సగం కూత వేస్తే ఆ పిల్లోడు పట్టుకుంటాడని ఆయనకు తెలుసు. కూత ఆగేదాకా అక్క ఆయన పక్కనే చెవులు మూసుకొని నిలబడింది. ఆగంగానే ఇంటి దిక్కు ఉరికింది. ఆమె వెనక నేను.

మా వెనక మిల్లు మిల్లంతా పని ఆపి లేచింది, ఇది నేను ఆనెక విన్నదే. హాల్లో ఆడోళ్లు కూత పడిందే చాలని బయటికి వచ్చినారు. వేపచెట్టుకు కట్టిన ఉయ్యాలల్లో చంటిపిల్లోల్లుండిరి, తల్లులు తీసుకొని పాలిచ్చేకి కూర్చున్నారు. మొగోళ్లు సద్దిమూటలు విప్పినారు. గుమాస్తా ఆఫీసులోంచి వచ్చి పదీ ఇరవై, పదీ ఇరవై అని అరుస్తాంటే, ఒకామె పిల్లోనికి పాలిస్తానే, కూత అబద్ధమాడదు నాయనా, నీ గడియారం తాళం తిప్పుకో పో అనింది. మిల్లు అవతల ఇంకా అన్యాయం. బడి పంతులు పిల్లోల్లను అన్నానికి వదిలేసినాడు. గుడి పూజారి తలుపులు వేసుకొని పోయినాడు. గుంతకల్లు పోవాల్సిన ఒక ముసలాయన, పదిన్నర బండి తప్పిపోయిందే అని మూట నెత్తిన పెట్టుకొని ఏడ్చుకుంటా వెనక్కి పోతాంటే, ఆ పదిన్నర బండి ఆయన వెనకనే వచ్చి, నిలిచి, ఆయన లేకుండా పోయింది.

మేము ఇల్లు చేరేసరికి ఈరన్న తింటాండాడు.

ఎవరూ తినిపించలేదు. వాడే తింటాండాడు. ఇంత మెత్తటి అన్నం, మజ్జిగ. సగం ఒళ్లోనే పడతాంది. అక్క లోపలికి పోలేదు. గడప బయటనే కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని చూసింది. దగ్గరికి పోతే ఎక్కడ ఆపుతాడో అని. ముద్ద ముద్దకూ ఆమె నోరు కూడా తెరుచుకొనేది. తొమ్మిది ముద్దలు తిన్నాడు. పదోది చేతిలో పట్టుకొని నిద్రపోయినాడు.

నేను తిరిగి మిల్లుకు పోయేసరికి సేటు వచ్చి ఉండాడు. బాయిలరు గది ముందర విచారణ. గుమాస్తా లోపల ఎంత చెడ్డోడైనా ఆ పొద్దు బావను కాపాడాలనే చూసినాడు. చెయ్యి జారిందని చెప్పప్పా, చెప్తే అయిపోతాదని రెండుసార్లు అందించినాడు. మా బావకు అది తిట్టు తిట్టినట్టు తగిలింది. "నా చెయ్యి జారదు" అన్నాడు. "టైము చూసే లాగినా. పదీ ఇరవై. పిల్లోడు అన్నం తినల్యా సామీ, దానికి లాగినా."

సేటు, పని ఉంటాది గాని ఈ సీజను అయ్యేదాకా గొలుసు ముట్టొద్దని, కూత గుమాస్తా వేస్తాడని తీర్పు చెప్పినాడు. పనిలోనుంచి తీసేసినా మా బావకు అంత బాధ లేకుండె. పోతా పోతా సేటు వెనక్కి తిరిగి, పిల్లోడు తిన్నాడా మరి అని అడిగినాడు.

"తెలీదు సామీ" అన్నాడు బావ.

అందరూ పోయినాక నేను కిటికీ కాడికి పోయినా. ఏడిపించాలనే పోయినా, మరదలిని గదా. ఊరందరికీ రెండుపూటల కూడు పెట్టించినావు బావా అని ఏదో అనబోయినా. ఆయన మొగం చూసి ఆ మాట రాలేదు.

"తిన్నాడు బావా. తొమ్మిది ముద్దలు."

ఆయన తల ఎత్తలేదు. "కూత ఆగినాక పెట్టినాడా చెయ్యి? ఆగకముందేనా?" అని అడిగినాడు.

పిల్లోని కాడ ఉన్న ఖాసింబీ అవ్వ నాకు చెప్పిందే నేను ఆయనకు చెప్పినా. ఆగినాకనే. ఆగినాక కూడా, నిజంగా ఆగిందా అని ఇంతసేపు చూసి, అప్పుడు పెట్టినాడు.

ఆయన ఊ అన్నాడు. పార తీసుకొని బాయిలరు మూత తెరిచి బొగ్గు వేసినాడు. ఒక పార, ఇంకో పార, ఇంకోటి. ఆవిరి ముల్లు నిండుగా ఉంది, నాకు కూడా కనపడతాంది. వేళ కాకుండా ఆయన బొగ్గు వేయంగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ పొద్దు పన్నెండుకు గుమాస్తా గొలుసు లాగినాడు. మేకను తొక్కినట్టు అరిచింది. ఊర్లో ఎవరూ నమ్మలేదు, ఎవరూ తినలేదు.

ఇప్పుడు పెద్దదినం నాడు కూర్చున్నోళ్లలో చాలామంది ఆ మంగళవారం మేమూ ఉంటిమి, మేమూ చూస్తిమి అని చెప్పుకున్నారు. అది అబద్ధం. ఈరన్న తింటాంటే మా గడప కాడ ఉన్నది ఎవరెవరో నేను రాస్తాను, ఇంక ఎవరూ కలపొద్దు. పళ్లెం ముందర పెట్టి, కూత దాకా పిల్లోని వీపు పట్టుకొని కూర్చున్న ఖాసింబీ అవ్వ. బడి వదిలిపెడితే అన్నానికని ఉరికొచ్చి, తమ్ముడు తినేది చూసి పలకలు చంకన పెట్టుకొని నిలబడిపోయిన లచ్చిమి, నరసింహులు. ముందు దినం శంఖం ఊదిన దాసరి, పిల్లోడు ఎట్లుండాడో అడిగి పోదామని వచ్చినోడు. గడప బయట మా అక్క సుంకమ్మ. ఆమె వెనక నేను. లోపల ఈరన్న. మా బావ లేడు. పన్నెండు కాలేదు గదా.